కాజా కుట్టు

“కిటికీ ముయ్యవయ్యా! చలికి చస్తున్నాను.”

క్షయ వార్డులో చివరి గదిలో రెండే మంచాలు. ఒకటి దర్జీది. కిటికీ పక్కది నిన్న వచ్చిన పెద్దాయనది.

“గాలాడాలి తమ్ముడూ. నాలో ఉన్నది మొండిది.”

“మొండితనం కనబడుతూనే ఉందిలే. జలుబు చేస్తే నన్ను ఇంకో నెల ఉంచేస్తారు. పుట్టిన పాపని ఇంతవరకూ ఎత్తుకోలేదు నేను.”

దర్జీ లేచి గడియ పెట్టాడు. పెద్దాయన దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గాడు. దగ్గు ఆగాక మళ్ళీ గడియ తీశాడు.

“దగ్గితే క్రిమి గాల్లో తేలుతుంది. పీలిస్తే ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. అక్కడ కాపలా కణాలుంటాయి. దాన్ని మింగుతాయి గానీ అరిగించుకోలేవు. కాపలావాడి పొట్టలోనే అది కాపురం పెడుతుంది.”

“అచ్చం మా బావమరిదే! భోజనానికని వచ్చి ఏడేళ్ళయింది.”

పెద్దాయన నవ్వబోయి మళ్ళీ దగ్గాడు.

“నాకెందుకయ్యా ఈ పాఠాలు?” దర్జీ జేబులోంచి నలిగిన చీటీ తీశాడు. “ముగ్గురు డాక్టర్లు ఉత్త దగ్గేనన్నారు. ఇక్కడి ల్యాబులో ఎవరో మహానుభావుడు నా కళ్ళె మూడుసార్లు చూసి పట్టుకున్నాడు. సంతకం చూడు, కాజా కుట్టినట్టు లేదూ? ఆయన కనబడితే కాళ్ళు కడుగుతాను. పనితనమంటే అదీ. కిటికీలు తెరవడం కాదు.”

పెద్దాయన చీటీకేసి చూశాడు. మడిచి తిరిగి ఇచ్చేశాడు.

మర్నాడు దర్జీ కిటికీ రెక్కల్ని దారంతో బిగించి కట్టేశాడు. “ఇప్పుడు తియ్యి, చూద్దాం.”

సాయంత్రానికల్లా పెద్దాయన మంచం వరండాలోకి వెళ్ళిపోయింది.

“పీడ విరగడైంది,” అన్నాడు దర్జీ.

వారమంతా వాన. వరండాలోంచి దగ్గు వినిపిస్తూనే ఉంది. ఎనిమిదో రోజు వినిపించలేదు. ఆ మధ్యాహ్నం దర్జీకి హాయిగా కునుకు పట్టింది.

ఇంటికి పంపేరోజున నర్సు అతని కాగితాలు సర్దుతోంది.

“సిస్టర్, ఇక పాపని ఎత్తుకోవచ్చా?”

“ఎత్తుకోండి. ముందు ఆ వరండా ఆయనకి దండం పెట్టుకోండి.”

“ఆ కిటికీ పిచ్చాయనకా? ఎందుకు?”

నర్సు ఫైల్లోంచి ఒక కాగితం తీసి అతని చేతిలో పెట్టింది.

‘నాది ఏ మందుకూ లొంగని రకం. నా మంచం బయట వేయించండి. పక్కతను పాపని ఎత్తుకోవాలి.’

కింద సంతకం, కాజా కుట్టినట్టు.