కుంకుడుకాయల పాఠం

“ఇది బడా, గోలీల పందెమా?”

హెడ్మాస్టరుగారి గొంతు వినగానే మూడో ఫారం పిల్లలు చటుక్కున సర్దుకున్నారు. సైన్సు మేష్టరు యుగంధర్ చేతిలో పళ్ళెం ఒరిగింది. కుంకుడుకాయలు నేలమీద దొర్లాయి.

“ఏ వస్తువైనా కంటికి కనపడని అణువుల పోగేనని చూపిస్తున్నానండీ. కాయలు బిగించి పేరిస్తే మంచుగడ్డ. వదులుగా దొర్లిస్తే నీళ్ళు. ఎగరేస్తే ఆవిరి...”

“పుస్తకంలో ఉన్నది చెప్పండి, చాలు. మీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.”

ఆయన వరండాలోకి నడిచారు. పిల్లలు కిసుక్కుమన్నారు.

యుగంధర్ బందరు వచ్చి ఏడాది కావస్తోంది. మిగతా మేష్టర్లు అతనికి ‘కుంకుడుకాయల పంతులు’ అని పేరు పెట్టారు. మధ్యాహ్నం వాళ్ళంతా ఒకచోట చేరి కబుర్లాడుకుంటుంటే, అతనొక్కడే సైన్సు గదిలో క్యారియర్ విప్పుకునేవాడు. సాయంత్రం బజారు చివరిదాకా నడిచి, ఎవరితోనూ మాట్లాడకుండానే గదికి తిరిగొచ్చేవాడు.

“అయ్యగారూ!”

కిటికీ బయట ఒక మనిషి. భుజాన ఖాళీ చేపల కావడి. కొన్నాళ్ళుగా పాఠం జరిగేటప్పుడల్లా అక్కడే నిలబడుతున్నాడు.

“ఆ కాయకీ కాయకీ మజ్జన ఏవుంటదండీ?”

పిల్లలు పగలబడి నవ్వారు.

“ఏమీ ఉండదు. ఖాళీ.”

“గాలి కూడా ఉండదాండీ?”

“ఉండదు. గాలీ అణువులే కదా.”

ఆ మనిషి కళ్ళు పెద్దవి చేసి, “అబ్బో!” అన్నాడు.

యుగంధర్‌కి ముచ్చటేసింది. “నీ పేరేంటి?”

“నాంచారయ్యండి. మాది గిలకలదిండండి.”

“చేపల కంపండీ మేష్టారూ!” ఎవడో ముక్కు మూసుకున్నాడు. క్లాసంతా అందుకుంది. వరండా చివర హెడ్మాస్టరుగారు వెనక్కి తిరిగి చూశారు.

యుగంధర్ కిటికీ దగ్గరికి నడిచాడు.

“వెళ్ళు. ఇక్కడ నిలబడకూడదు. మళ్ళీ రాకు.”

కిటికీ రెక్కలు మూసేశాడు.

నాంచారయ్య మళ్ళీ రాలేదు.

యుగంధర్ పుస్తకంలో ఉన్నదే చెప్పాడు. ఉద్యోగం ఖాయమైంది. కానీ బోర్డు వైపు తిరిగినప్పుడల్లా చెవి బయటికే ఉండేది. ఈ ఊళ్ళో తనను నోరు తెరిచి ఒక ప్రశ్న అడిగినవాడు అతనొక్కడే.

ఉండబట్టలేక ఒక ఆదివారం గిలకలదిండి బయల్దేరాడు.

ఒడ్డున పడవల పక్కన పిల్లలు గుంపుగా ఉన్నారు.

“గడ్డ!” అని ఒక పిల్ల కేక పెట్టింది. అందరూ భుజాలు ఆనించి, ఉన్నచోటనే ఊగుతూ బిగుసుకున్నారు.

“నీళ్ళు!” ఒకళ్ళ పక్కనుంచి ఒకళ్ళు జారుకున్నారు.

“ఆవిరి!” ఇసుకంతా చెల్లాచెదురుగా పరుగెత్తారు.

యుగంధర్ నిలబడిపోయాడు. ఇంత మంచి పాఠం తనెప్పుడూ చెప్పలేదు.

“ఎవరు నేర్పారమ్మా?”

“మా నాంచారయ్య పంతులండి.”

“ఇంట్లో ఉన్నారా?”

ఆ పిల్ల తల వంచుకుని ఒక గుడిసె చూపించింది.

గుమ్మంలో అతని భార్య సత్యవతమ్మ కూర్చుని ఉంది.

“మొన్న గాలివానకి పడవ తిరగబడిందండి. ఆయన దక్కలేదు,” అంది మెల్లగా. “తవరెవరండీ?”

“బందరు బళ్ళో సైన్సు మేష్టర్ని.”

ఆమె గబగబా లేచి చాప పరిచింది.

“మీరా అండీ! ఈ పేటకి బడి లేదని ఆయనే పంతులయ్యాడండి. అక్షరం ముక్క రాదు. మీకాడ విన్నది మర్చిపోకముందే పిల్లలకి చెప్పాలని పరుగెత్తుకొచ్చేవోడు. బందర్లో తనకో తోటి పంతులున్నాడని అందరికీ చెప్పుకునేవోడండి.”