దీపాలవేళ ఏడుపు

"కోడలు వంకాయ తినుడు బంజేసిందా అమ్మా?" గుమ్మంలోంచే అడిగింది పక్క ఫ్లాటు దోర్కా.

"ఎప్పుడో! పప్పు, బంగాళాదుంప, క్యాబేజీ, పాలు... అన్నీ మాన్పించేశాను," అంది పద్మావతి, గుక్కపెట్టి ఏడుస్తున్న మనవరాలిని భుజాన వేసుకుని ఊపుతూ. "ఇప్పుడు వెల్లుల్లి కారం, అన్నం. అంతే."

పాపకు కడుపునొప్పి వస్తే తల్లి హరిత పళ్లెంలో ఒక కూర తగ్గేది. నాచారంలోని ఆ ఇంట్లో వైద్యం అదే. అయినా రోజూ దీపాలు పెట్టే వేళకి పాప కాళ్లు కడుపులోకి ముడుచుకుని, మొహం కందిపోయేలా ఏడ్చేది. బొడ్డు చుట్టూ ఇంగువ రాశారు. గ్రైప్ వాటర్ పట్టారు. గుమ్మానికి గుమ్మడికాయ కట్టారు. పాప దేన్నీ ఖాతరు చేయలేదు.

ఉప్పల్‌లో పిల్లల డాక్టరు చిదంబరం కంగారు పడలేదు.

"దీన్ని కాలిక్ అంటారండి. అయిదుగురు పిల్లల్లో ఒకరికి వస్తుంది. కారణం ఇదీ అని గట్టిగా చెప్పలేం. పాలతో గాలి మింగడం, కొందరికి పాలు పడకపోవడం, ఇంట్లో సిగరెట్ పొగ, తల్లి మీద ఒత్తిడి... ఇవన్నీ తోడవ్వచ్చు. నాలుగో నెలకి దానంతటదే తగ్గుతుంది. ఈలోపు ఆ అమ్మాయిని కడుపునిండా తిననివ్వండి, కాస్త నిద్రపోనివ్వండి."

బయటికి రాగానే పద్మావతి తేల్చేసింది. "కారణం ఆయనకే తెలీదట్రా!"

ఆమె కొడుకు వంశీకృష్ణ మాత్రం డాక్టరు మాట విన్నాడు. బాల్కనీలో కాల్చే సిగరెట్ మెట్ల మీద కాల్చడం మొదలుపెట్టాడు. తండ్రిగా అతను చేసిన త్యాగం అది.

అసలు భయం తర్వాత మొదలైంది. పాప అలిసి నిద్రపోయాక కూడా ఏడుపు వినిపించేది. సన్నగా, గోడల్లోంచి వస్తున్నట్టు. ఆగేది. మళ్లీ మొదలయ్యేది.

"బాలగ్రహం," అంది పద్మావతి గుండెల మీద చెయ్యి వేసుకుని. "పాప గొంతు నేర్చుకుంటోంది. ఇవాళ గొంతు, రేపు ప్రాణం."

"పైపులమ్మా. పై ఫ్లాటు చప్పుళ్లన్నీ మనకే దిగుతాయి," అన్నాడు వంశీ.

"పైన ఇల్లు ఖాళీగ ఉంది గద తమ్మీ," అంది దోర్కా. "దసరాకే పోయిన్రు ఆళ్లు."

ఆ రోజు నుంచి వంశీ హాల్లో ఒంటరిగా కూర్చోవడం మానేశాడు.

"హరితకి మాత్రం తెలియనివ్వకండి," హెచ్చరించింది పద్మావతి. "అసలే బాలింత. దడుచుకుంటే పాలు ఇగిరిపోతాయి."

ముగ్గురూ ఆ రహస్యాన్ని గట్టిగా దాచారు. హరిత ఎదురొస్తే చాలు, మాట మార్చి వంకాయ సంగతి ఎత్తుకునేవాళ్లు.

నాలుగో నెల వచ్చింది. డాక్టరు చెప్పినట్టే పాప ఏడుపు మానేసింది. రెండో ఏడుపు మాత్రం ఆగలేదు.

"ఇవాళ కూడా వినిపిస్తే ఇల్లు ఖాళీ చేసేద్దాం. నాకు నా మనవరాలు ముఖ్యం," అంది పద్మావతి దీపం ముట్టిస్తూ. "మెల్లగా మాట్లాడండి, హరిత పడుకుని ఉంటుంది."

ఉయ్యాల్లో పాప తన కాలి వేలు పట్టుకుని నవ్వుతోంది. అప్పుడే మొదలైంది, సన్నగా.

"ప్రభువా!" అంది దోర్కా. పద్మావతి ఆంజనేయుణ్ణి పిలిచింది. వంశీ చీపురు అందుకున్నాడు. దెయ్యాన్ని ఊడ్చేయాలనో ఏమో!

దోర్కా చెవి ఒగ్గి నాలుగడుగులు వేసింది. "గోడల కెల్లి కాదమ్మా. గీ బాత్రూంల కెల్లి."

కొళాయి విప్పిన చప్పుడైంది. ఏడుపు ఆగింది. గడియ కదిలింది. వంశీ చీపురు పైకెత్తాడు. తలుపు తెరుచుకుంది.

"కాఫీ పెట్టమంటారా అత్తయ్యా?" అంది హరిత, ఉబ్బిన కళ్లు తుడుచుకుంటూ.