పురికొస కట్టిన కర్రలు

1969 మార్చి 9, ఆదివారం.

ఆ పొద్దున సైటు పాకలో శేషగిరిరావు తిన్నది చద్దన్నం, ముందు రోజు వండిన కొరమీను పులుసు. చెయ్యి కడుక్కుంటుంటే గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

"పనేమైనా ఉంటే చేస్తానండి."

అరవై దాటిన మనిషి. నెరిసిన గడ్డం. చంకలో గుడ్డసంచి.

"ఏ ఊరు?"

"తెనాలి అవతలండి."

"వడ్రంగం వచ్చా?"

"కొంచెం వచ్చండి."

రేపల్లెకు దిగువన, సముద్రం వైపున్న ఆ ఊళ్ళో బావులన్నీ ఉప్పునీళ్ళే. కాలవ నీళ్ళు నిలవ చేయడానికి కాంక్రీటు తొట్టి కడుతున్నారు. పని చేయించే సూపర్‌వైజరు శేషగిరిరావు. ఆ రోజే గోడకి కాంక్రీటు పోత. సరిగ్గా ఆ రోజే వడ్రంగికి జ్వరం.

మనిషి దొరికినందుకు శేషగిరిరావు ఊపిరి పీల్చుకున్నాడు. గోడ అచ్చు దగ్గరికి తీసుకెళ్ళాడు.

రెండు వరుసల చెక్కలు. అవి బయటికి విచ్చుకోకుండా ఇనుప తీగలతో మెలిపెట్టి బిగించారు. లోపలికి ముడుచుకోకుండా మధ్యలో జానెడేసి కర్రముక్కలు అడ్డం పెట్టారు.

"కాంక్రీటు పైకి వచ్చేకొద్దీ ఈ అడ్డుకర్రలు లాగెయ్యాలి. అదే నీ పని."

"అరవై నాలుగున్నాయండి," అన్నాడు పెద్దాయన, అప్పుడే లెక్కపెట్టి.

సంచిలోంచి పురికొస ఉండ తీశాడు. ఒక్కో కర్రకూ ఒక్కో పురికొస కట్టి, కొస చెక్కల పైనుంచి బయటికి వేలాడదీయసాగాడు.

తట్టలు మోసే ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

"ఏంటి తాతా, గోడకి జడలేస్తన్నావా? పూలు తెమ్మంటావా?" అంది ఏసమ్మ.

"తేమ్మా. పోత సవ్యంగా అయితే పెడదాం."

శేషగిరిరావుకు నవ్వు రాలేదు. "నీ జడలు తొందరగా కానీయ్. అదుగో, ఆ పాత తొట్టి చూశావా?"

ఎదురుగా నెర్రెలిచ్చిన తొట్టి. అందులో తుమ్మమొక్క మొలిచింది.

"ఏడేళ్ళ కిందట కట్టారట. ఎవడో మేస్త్రి లోపల ఒక్క కర్ర మరిచిపోయాడు. అది కుళ్ళింది. ఆ చిల్లులో నీళ్ళు చేరి, లోపలి ఇనుప ఊచలు తుప్పుపట్టి, గోడ చీలింది. వాడి మూలాన ఊరంతా తాగే నీళ్ళకి రెండు మైళ్ళు నడుస్తోంది."

"కాపరానికొచ్చిన కాణ్ణించీ మోస్తన్నా. ఆడి చేతులు పడిపోను!" అంది ఏసమ్మ.

పెద్దాయన తలెత్తలేదు. తర్వాతి ముడి వేశాడు.

పోత మొదలైంది. తట్ట వెనక తట్ట. కాంక్రీటు పైకి వచ్చేకొద్దీ పెద్దాయన పురికొస పట్టి లాగడం, కర్రను బుట్టలో వేయడం. సాయంత్రం నాలుగింటికి గోడ దాదాపు పైఅంచు దాకా వచ్చింది.

పెద్దాయన బుట్ట బోర్లించాడు. లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఆపండి! అరవై మూడే ఉన్నాయి."

"ఆపితే కిందిది గట్టిపడుతుందయ్యా! అతుకు దగ్గర కారుతుంది," అరిచాడు శేషగిరిరావు. "ఒక్క కర్రే కదా!"

"అందులోనూ ఒక్క కర్రేనండి," పాత తొట్టి వైపు చూపించాడు పెద్దాయన. "అయిదు నిమిషాలివ్వండి. దణ్ణం పెడతాను."

జవాబు కోసం ఆగలేదు. పరంజా చెక్క మీద పాకుతూ మూలకి వెళ్ళాడు. అక్కడ తట్ట అంచు తగిలి పురికొస తెగి ఉంది. బోర్లా పడుకుని, ఊచల మధ్యనుంచి చెయ్యి లోపలికి దూర్చాడు. మోచేతి దాకా. భుజం దాకా.

తట్టలు ఎక్కడివక్కడ ఆగాయి.

చెయ్యి బయటికి వచ్చింది. పిడికిట్లో కర్ర.

"అమ్మయ్య!" అంది ఏసమ్మ, అందరి తరఫునా.

పోత మళ్ళీ మొదలైంది. మిగతా తట్టలు వడివడిగా పడ్డాయి. పెద్దాయన మోచేయి గీరుకుపోయి, సిమెంటు కింద నెత్తురు ఊరుతోంది. ఏసమ్మ తన మంచినీళ్ళ ముంత ఎత్తింది.

"పట్టు తాతా, కడుగుతా."

"వద్దమ్మా. అవి తాగే నీళ్ళు."

ఉప్పునీళ్ళ బావి దగ్గరికి వెళ్ళి కడుక్కున్నాడు. ఎంత మండిందో, ముఖంలో మాత్రం తెలియనీయలేదు.

అందరూ కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చేసరికి మనిషి లేడు. పేరైనా అడగలేదని శేషగిరిరావుకు అప్పుడు తట్టింది. తెనాలిలో అడిగించాడు. వేమూరులో, కొలకలూరులో అడిగించాడు. నెరిసిన గడ్డం వాళ్ళు ఎందరో!

ఏప్రిల్లో తొట్టి నింపారు. మూడు రోజులు శేషగిరిరావు గోడ చుట్టూ తిరుగుతూ అరచేత్తో తడిమి చూశాడు. ఎక్కడా చెమ్మ లేదు. నాలుగో రోజు కుళాయి తిప్పారు. ఏసమ్మ మొదటి బిందె పట్టుకుని, అలవాటు కొద్దీ నాలుగడుగులు కాలవ దారి పట్టి, తనే నవ్వుకుని ఇంటి వైపు తిరిగింది.

దీపాలు పెట్టే వేళకు జనం పలచబడ్డారు. వాచ్‌మన్ బ్రహ్మయ్య పంపుషెడ్డులో దీపం తగ్గించాడు. పాత తొట్టి కట్టిన నాటి నుంచీ అక్కడ కాపలా అతనే.

"ఆ పెద్దాయన ఉండాల్సింది బ్రహ్మయ్యా, ఈ రోజు," అన్నాడు శేషగిరిరావు.

"వచ్చాడండి. ఆడవాళ్ళందరూ పట్టుకునేదాకా దూరంగా నిలబడ్డాడు. ఆఖర్న దోసిలి పట్టి తాగి, బస్సెక్కి వెళ్ళిపోయాడు."

"నాకు చెప్పొద్దూ! ఇంతకీ ఎవరయ్యా ఆయన?"

బ్రహ్మయ్య తాళంకప్ప చేతిలోకి తీసుకున్నాడు.

"గడ్డం పెంచినా నేను పోల్చాను, చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడండి... ఆ పాత తొట్టి కట్టిన మేస్త్రి ఆయనే," అని తలుపు చప్పుడు కాకుండా మూశాడు.