రెండో గ్లాసు

"ఇయ్యాల్టి నుంచి పొయ్యి బంద్ అత్తమ్మా, అంతా పచ్చి తిండే!" అంటూ మా ఆయన నగేష్‌కు సోరకాయ రసం అందించాను. "గ్యాస్ మిగులుతది. బండి మీద సోరకాయలు గూడ తక్కువ పైసలకే దొరికినయ్."

నగేష్ గటగటా తాగేశాడు. "మస్తుంది భాగ్యా!"

కొత్త పెళ్లికూతురిని, మురిసిపోయాను.

అత్తమ్మ మాత్రం నవ్వలేదు. "కోసేటప్పుడు ముక్క నాలిక మీద పెట్టి చూసినవా బిడ్డా?"

"లేదు. వండేది లేదు కదా, ఎందుకు?"

ఆమె మిగిలిన ముక్క కొరికి వెంటనే ఉమ్మేసింది. "కటిక చేదు! గిసుంటి సోరకాయ పానం తీస్తదిరా. ఎట్ల తాగినవ్?"

నగేష్ నుదుటి నిండా చెమట. కడుపు పట్టుకుని గోడకు ఒరిగాడు.

"భాగ్య గంత సంబరంగ చూస్తుంటే... ఎట్ల చెప్పాలె అమ్మా?"

అత్తమ్మ ఆటో కోసం గల్లీలోకి ఉరికింది. అతని కోసమే నింపిన రెండో గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది.