ఓటు లేని ఇల్లు

“అది ఇల్లు కాదు సార్, తోట కావలి పాక. అక్కడ ఓట్లుండవు,” అంటూ షఫీ ఆటో ఆపేశాడు.

“పొయ్యి వెలుగుతోందిగా. అయితే ఇల్లే,” అన్నాడు వెనక సీట్లోంచి కృపానందం.

షఫీకి ఒళ్ళు మండింది. పొద్దుటి నుంచి నెమలి ఊరి చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి నడుం పట్టేసింది. సాయంత్రం ఆరింటికి ప్రచారం బంద్. తక్కిన అభ్యర్థులు తిరువూరు సెంటర్లో డీజేలు పెట్టించుకుని పూలదండల్లో మునిగి ఉంటే, ఈ మహానుభావుడు మాత్రం మామిడి తోటల్లో పాకలు వెతుక్కుంటున్నాడు.

తిరువూరు అసెంబ్లీకి కృపానందం ఇండిపెండెంటుగా నిలబడటం ఇది మూడోసారి. మూడుసార్లూ ఆటో షఫీదే, మైకు షఫీదే, వెంట వచ్చే జనం కూడా షఫీ ఒక్కడే. కరెంటు లైన్‌మన్‌గా రిటైరై, ఎక్కడో గుంటూరు వైపు నుంచి వచ్చి, ఇక్కడ ఒక గది అద్దెకు తీసుకున్న మనిషి కృపానందం. చుట్టమా పక్కమా, ఎవరూ లేరు. పెళ్ళాం ఎప్పుడో వదిలేసి ఈ వైపే వచ్చేసిందట. ఎలక్షన్ల పిచ్చోడితో ఎవరు మాత్రం కాపురం చేస్తారని టీకొట్టు దగ్గర నవ్వుకుంటారు.

నవ్వరూ మరి? గుర్తు ప్రతిసారీ మారిపోతుంది. ఒకసారి ఇస్త్రీ పెట్టె, ఒకసారి బకెట్టు, ఇప్పుడేమో ఈల. కరపత్రం మీద ఫొటో మాత్రం మారదు. నల్లటి మీసం, ఒత్తు జుట్టు, కుర్రాడి నవ్వు. ఎదురుగా ఉన్న బట్టతలను, ఆ ఫొటోను మార్చిమార్చి చూసి, “నిలబడింది మీ అబ్బాయా అండీ?” అని అడుగుతారు జనం. పైగా ఆ ఫొటోనైనా సరిగ్గా కత్తిరించారా అంటే అదీ లేదు. భుజం మీద ఎవరివో చిన్న వేళ్ళు కనిపిస్తుంటాయి. చెరిపేస్తానని ప్రెస్సతను అన్నందుకు, నోట్లో నాలుక లేని ఈ కృపానందమే అంతెత్తున లేచాడు. ముసలితనంలో వయసునాటి ఫొటోలంటే మోజు కాబోలు అనుకుని ఊరుకున్నాడు షఫీ.

ప్రచారం చేసే తీరూ అంతే. మీటింగు పెట్టడు. మైకు చేతికిస్తే సిగ్గుపడతాడు. ఇంటింటికీ వెళ్ళి, “ఆడవాళ్ళని కూడా పిలవండయ్యా,” అంటాడు. అందరి చేతుల్లోనూ కరపత్రం పెడతాడు. “పుట్టినూరు ఏదమ్మా?” అని కోడళ్ళని పలకరిస్తాడు. తీరా ఓటెయ్యమని అడగడం మర్చిపోతాడు! ఆ ముక్కేదో షఫీయే వెనకనుంచి అరవాలి.

నిన్న పెద్ద పార్టీవాళ్ళు కబురు పెట్టారు, ప్రచారం ఆపి మాకు మద్దతివ్వండి, గెలిచాక ఏదో పదవి చూస్తామని. కృపానందం వద్దన్నాడు.

“ఒప్పుకోవాల్సింది సార్,” అన్నాడు షఫీ ఆటో దిగుతూ. “గుండె బాలేదని డాక్టరు చెప్పాడు. ఇదే ఆఖరి ఎలక్షనని మీరే అంటున్నారు. హాయిగా ఇంట్లో కూర్చోక ఎందుకండీ ఈ తిరుగుడు?”

“కూర్చుంటే ఎవరి గడప తొక్కుతాను షఫీ? ఊరికే వెళ్ళి పరాయి ఇంటి తలుపు కొడితే తంతారు. అదే అభ్యర్థినంటే రమ్మని మంచినీళ్ళిస్తారు. వంటింట్లో ఉన్నవాళ్ళు కూడా బయటికొచ్చి చూస్తారు.”

అయ్యో, ఇదా సంగతి! షఫీ కోపం కాస్తా దిగిపోయింది. పలకరింపుకు మొహం వాచిపోయిన మనిషి. అయిదేళ్ళకోసారి నలుగురితో మాట్లాడటం కోసం ఎమ్మెల్యేగా నిలబడుతున్నాడు. ఇన్నేళ్ళ పరిచయంలో ఒక్క పండక్కయినా ఈయన్ని ఇంటికి పిలవలేదని గుర్తొచ్చి షఫీకి సిగ్గేసింది.

“రేపు మా ఇంటికి భోజనానికి రండి సార్. మా ఆవిడ ఆసిమా చేతి వంట తిందురుగాని.”

“వస్తాలే. ముందు ఈ గడప చూద్దాం. ఒక్కటి వదిలేసినా, అదేనేమో అని నాకు నిద్ర పట్టదు.”

కొమ్మల కింద వంగి నడుస్తూ కృపానందం ఆయాసపడ్డాడు. షఫీ చెయ్యి పట్టుకున్నాడు. పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి వీళ్ళను చూసి కొంగుకు చేతులు తుడుచుకుంటూ లేచింది. ముప్పై దాటి ఉంటాయి.

“ఎలక్షనోళ్ళా? మాకిక్కడ ఓట్లు లేవండి. మాది ఖమ్మం జిల్లా. ఈ ఏడే తోట కావలికొచ్చాం.”

“చెప్పానా సార్?” అన్నాడు షఫీ.

“ఓటు లేకపోతే ఏమైందమ్మా, ఇది తీసుకో,” అంటూ కరపత్రం ఇచ్చాడు కృపానందం. “పుట్టినూరు కూడా అటేనా?”

ఆమె పొయ్యి వెలుగుకేసి కాగితాన్ని వంచి చూస్తోంది. దూరాన ఊళ్ళో మైకులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

“టైమైపోయింది సార్, పదండి.”

ప్రతి ఇంటి ముందూ నిలబడినట్టే కృపానందం ఇంకొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత తల దించుకుని వెనక్కి తిరిగాడు. మూడు ఎలక్షన్ల అలుపంతా ఆ నడకలో కనిపించింది.

“ఆగండి,” అందామె వెనకనుంచి. “ఈ ఫొటో మీకెక్కడిది?”

ఇన్నేళ్ళలో ఆ మాట ఇలా అడిగినవాళ్ళు ఎవరూ లేరు.

“నాదేనమ్మా,” అన్నాడు కృపానందం. తిరిగి చూడటానికి భయపడుతున్నవాడిలా అక్కడే ఆగిపోయాడు.

ఆమె ఎదురుగా వచ్చి, బొమ్మలోని భుజం మీద వేలు పెట్టి చూపించింది.

“ఈ వేళ్ళు నావే, నాన్నా.”