ఎడమ స్పీకరు పెంచనన్నవాడు

"ఐదూ సమానంగానే ఉన్నాయి మాస్టారూ" అన్నాడు మెకానిక్.

"సమానమా! ఎడమది మూలుగుతుంటే నీకు సమానంలా ఉందా?" పాటల మాస్టారు ఇంతెత్తున లేచారు.

ముప్పై ఏళ్లుగా పాట నేర్పుతున్న గురువుగారికి శిష్యులంతా కలిసి కొనిపెట్టిన స్పీకర్లు అవి. ముందు మూడు, వెనక రెండు. మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుంటే పాట అన్ని వైపుల నుంచీ వచ్చి ఒళ్లో వాలేది. అలాంటిది నాలుగు రోజులుగా ఎడమ పక్క నీరసించిపోయింది. కొట్టుకు కబురు చేస్తే ఈ నెరిసిన జుట్టు మెకానిక్‌ను పంపారు.

మెకానిక్ కుర్చీ దగ్గర, చెవి ఎత్తున, శబ్దం కొలిచే మీటరు నిలబెట్టాడు. ఒక్కో స్పీకరు నుంచీ 'సుయ్'మనే మోత వదిలాడు. స్పీకరు మీద అరచెయ్యి ఆనించి, మీటరు ముల్లు చూసి, కాగితం మీద రాసుకున్నాడు.

"అన్నీ డెబ్బై ఐదే. చూడండి."

"నీ ముల్లు చెప్తే సరా? నా చెవి చెప్పక్కర్లేదా?"

మాస్టారి భార్య మెకానిక్ వెనక నుంచి "మంచినీళ్లు కావాలా బాబూ?" అని రెండుసార్లు అడిగింది. మనిషి తిరిగైనా చూడలేదు. "అబ్బో, ఏం పొగరో!" అనుకుంటూ ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

"కుర్చీ వెనక్కి తిప్పి కూర్చోండి మాస్టారూ."

"కుర్చీలాట ఆడటానికా నిన్ను పిలిచింది?"

"ముందు కూర్చోండి, తర్వాత తిడుదురుగాని."

మాస్టారు రుసరుసలాడుతూ వెనక గోడకేసి మొహం పెట్టి కూర్చున్నారు. మళ్లీ అదే మోత. మెకానిక్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఇప్పుడేది తక్కువగా ఉంది?"

"ఇదిగో, ఇటు పక్కది" అంటూ మాస్టారు ఎడమ చెయ్యి చాపారు.

"అది ఇందాకటి కుడి స్పీకరు. బాగుందన్నారుగా?"

మాస్టారు మెడ తిప్పి ఆ స్పీకరు కేసి చూశారు.

"లోపం స్పీకర్లో లేదు. మీరెటు తిరిగితే అటు తిరుగుతోంది. చెవి డాక్టరు దగ్గరికి వెళ్లండి. రేపు కాదు, ఇవాళే."

అంతే, మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇరవై మంది కలిసి పాడుతుంటే ఒక్క గొంతు శ్రుతి తప్పినా పట్టేసే చెవి ఇది! స్క్రూలు తిప్పుకునేవాడివి, నాకు చెవుడంటావా? నోరు మూసుకుని ఎడమది పెంచు."

"పెంచను."

"ఏంటీ?"

"పెంచను. పెంచితే మీకు బాగైపోయిందనిపిస్తుంది. అలా అనిపిస్తే ఇక డాక్టరు గడప తొక్కరు."

"స్పీకర్లు నావి! చెవి నాది!"

"పని నాది మాస్టారూ. తప్పని తెలిసీ తప్పుడు కొలత పెట్టి పోలేను."

"అయితే బయటికి నడు!"

మెకానిక్ మీటరు సంచిలో పెట్టుకున్నాడు. గుమ్మం దాటి వెనక్కి తిరిగి, "ఇవాళే" అన్నాడు. మాస్టారు తలుపు ధడాల్న వేసేశారు.

"ఏమండీ, ఓసారి చూపించుకుంటే పోయేదేముంది?" అంది భార్య.

"నువ్వూ వాడి పక్కేనా!"

ఆ కోపంలోనే కొట్టుకు ఉత్తరం రాశారు. మీ మనిషికి పని రాదు, మర్యాద అంతకన్నా రాదు, నాకు క్షమాపణ చెప్పించండి అని. మర్నాడు ఇంకొకడు వచ్చాడు. "మీరెంతంటే అంతే సార్" అంటూ ఎడమవి రెండూ పెంచేశాడు.

"చూశావా, చిటికెలో పని!" అని మాస్టారు భార్య ముందు మీసం మెలేశారు. గెలిచారు మరి. ఏం గెలుపో!

నెలన్నర గడిచింది. ఒక సాయంత్రం పాఠంలో, ఎడమ వరుసలో పిల్ల అపస్వరం పాడితే, మాస్టారు కుడి వరుసలో పిల్లను చెడామడా తిట్టారు. పాపం, ఆ పిల్ల అసలు నోరే తెరవలేదు. పిల్లలంతా బిక్కమొహాలు వేసుకుని గురువుగారిని చూశారు.

ఈసారి భార్య ఆయన మాట వినకుండా, చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

"ఎడమ చెవి దాదాపు పోయిందండీ. ఇలా ఉన్నట్టుండి తగ్గినప్పుడు మొదటి రోజుల్లోనే వస్తే మందులతో చాలామందికి తిరిగొస్తుంది. ఇప్పుడింక నేను చెయ్యగలిగింది లేదు" అన్నాడు డాక్టరు. "మీకెవరూ చెప్పలేదా?"

మాస్టారికి సిగ్గుతో తల వాలిపోయింది.

"చెప్పాడు. చెప్పినవాణ్ణి ఇంట్లోంచి గెంటేశాను."

అక్కణ్ణుంచి తిన్నగా కొట్టుకు వెళ్లారు.

"ఆయన మానేశాడండీ" అన్నాడు కొట్టు యజమాని. "క్షమాపణ ఒక్క ముక్క రాసిచ్చెయ్యి, గొడవ వదిలిపోతుందన్నాను. 'తప్పు చేసుంటే రాసేవాణ్ణి' అన్నాడు. మీటరు నా బల్ల మీద పెట్టి చక్కా పోయాడు. పద్దెనిమిదేళ్లు నా దగ్గర చేశాడండీ, ఒక్క కొలత తప్పలేదు."

"ఎక్కడుంటాడు?"

"ఊరు వదిలి వెళ్లిపోయాడు. ఎక్కడికో చెప్పలేదు."

"పోనీ ఫోన్ నంబరివ్వండి. నేనే క్షమాపణ అడుగుతాను. ఉత్తరంలో కాదు, నా నోటితో చెప్పాలి, ఆయన వినాలి."

కొట్టు యజమాని తల అడ్డంగా ఊపాడు.

"ఫోన్లో ఏం చెప్తారండీ... ఆయనా ఒకప్పుడు పాడేవాడే, ముందు ఒక చెవి, 'ఏం కాదులే' అని వదిలేస్తే రెండోది, ఇరవయ్యేళ్ల కిందటే రెండు చెవులూ పూర్తిగా పోయి, ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకునే మనిషాయన."