ట్రిగ్గర్ లేని పాంజర్‌ఫౌస్ట్

"చూడగానే డూప్లికేట్ అని తెలిసిపోతోందన్నా," అన్నాడు భార్గవ్.

దాన్ని ఆళ్లగడ్డ నుంచి మోసుకొచ్చిన శాంసన్ చుట్టూ గడ్డి సర్దాడు.

నంద్యాలలో సినిమా యూనిట్ దిగిన కల్యాణ మండపం అది. భోజనాల బల్ల మీద ఎండుగడ్డి, గడ్డిలో పాంజర్‌ఫౌస్ట్. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ట్యాంకుల మీదికి పేల్చిన ఆయుధం. గజం పొడుగు ఇనుప గొట్టం, దాని కొసన సొరకాయంత తల.

బెలుం గుహల్లో బంకర్ సీన్లు ముగిశాయి. హీరో జర్మన్ల ఆయుధం లాక్కుని జర్మన్ల ట్యాంకులనే పేల్చే క్లైమాక్స్ హైదరాబాదులో తీస్తారు. సామాను లారీ నాలుగింటికి బయల్దేరుతుంది. ఇప్పుడు రెండు. ఆలోగా ఈ గొట్టం ఆ లారీ ఎక్కాలి. దీన్ని వెనక్కి తెస్తే గడప తొక్కనివ్వనని శాంసన్ అత్త ఎస్తేరు ఆళ్లగడ్డలో చెప్పి మరీ పంపింది.

దర్శకుడు భార్గవ్‌కు జర్మన్ ఆయుధాల గురించి తెలియంది లేదని యూనిట్‌లో పేరు. ఇంటర్లో చేరిన రోజు నుంచి వీడియో గేముల్లో నాలుగు వందల ట్యాంకులు పేల్చాడు.

"ట్రిగ్గర్ ఏదీ?"

"దీనికి ట్రిగ్గర్ ఉండదు సార్. పైన రేకు ఉండాది సూడండి, దాన్ని నొక్కితే పోతాది."

"రెండో గుండు ఎటునుంచి పెట్టాలి?"

"ఒకసారికే సార్. కొట్టినాక గొట్టం పారేయాల్సిందే."

భార్గవ్ జాలిగా నవ్వాడు. గేములో తను ఒకే గొట్టంతో ఏడుసార్లు కొట్టేవాడినని, హీరో కూడా ఏడుసార్లు కొడతాడని, అందులో రెండు పాట మధ్యలో ఉంటాయని వివరించాడు.

"ఎనక మనుషుల్ని నిలబెట్టొద్దు సార్. ఎనక నుంచి మంట వస్తాది. కాలిపోతారు."

"మా టీమంతా నా వెనకే ఉంటారన్నా. ఇన్నేళ్లలో ఒక్కడికీ చొక్కా కాలలేదు."

ఆర్ట్ డైరెక్టర్ ప్రసన్నకుమారి వంగి చూసింది. తుప్పు మరీ ఎక్కువైందని, బ్రష్షుతో కొట్టినట్టు తెలిసిపోతోందని తేల్చింది. గొట్టం మీద ఎర్రటి జర్మన్ అక్షరాలు కూడా ఆమెకు నచ్చలేదు. తల లోపల ఏం పోశాడో తెలుసుకుందామని వేళ్ల కణుపులతో కొట్టబోయింది. శాంసన్ అరచెయ్యి మధ్యలో అడ్డం వచ్చింది.

"సిమెంటు పోసుండాదమ్మా. కొట్టొద్దు."

"గడ్డి పరిచావ్, కొట్టనివ్వవు. ఏందప్పా ఈ ముద్దు?"

తాను ఆళ్లగడ్డ విగ్రహాల కార్ఖానాలో పాలిష్ పట్టేవాడినని శాంసన్ చెప్పాడు. పూర్తయిన విగ్రహాన్ని గడ్డిలో పడుకోబెట్టే తీసుకెళ్తారు, ముక్కు మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వరు, అదే అలవాటు చేతికి పట్టేసిందన్నాడు. ఆళ్లగడ్డ పనివాళ్ల సంగతి ఆమెకు తెలిసిందే. నమ్మింది.

"దీనికి ఎంతిమ్మంటావ్?" భార్గవ్ అడిగాడు.

"దుడ్లు వద్దు సార్. లారీ ఎక్కిస్తే సాలు."

"టైటిల్స్‌లో పేరు?"

"పేరు అసలే వద్దు."

ఇంత నిస్వార్థమైన కళాకారుణ్ణి భార్గవ్ ఈ మధ్య చూడలేదు. అయినా జాలి వేరు, క్లైమాక్స్ వేరు. ఫోన్ తీసి గేములోని బొమ్మ చూపించాడు. తొడంత లావు గొట్టం, టెలిస్కోపు, ట్రిగ్గర్, తళతళలాడే వెండి రంగు. నాలుగింటిలోగా ఇలా మారిస్తే ఎక్కిస్తానని, లేకపోతే ఉన్నది ఉన్నట్టు ఇంటికి పట్టుకెళ్లమని చెప్పాడు.

ఇంటికి అనగానే శాంసన్ లేచాడు. పైపుల అంగడిలో లావుపాటి ప్లాస్టిక్ గొట్టం కోయించి, పైన రేకుతో సహా పాత గొట్టాన్ని అందులోకి మెల్లగా దూర్చాడు. పురుగుమందు కొట్టే స్ప్రేయర్ పిడి ఊడదీసి ట్రిగ్గర్ చేశాడు. బొమ్మల అంగడిలో టెలిస్కోపు దొరికింది. వెండి రంగు ప్రసన్నకుమారే పూసింది. ఆ మూడింటి ఎండలో శాంసన్‌కు పట్టినంత చెమట మండపంలో ఇంకెవరికీ పట్టలేదు.

భార్గవ్ కళ్లు మెరిశాయి. "ఇదీ ఒరిజినల్ అంటే."

అంతటితో ఆగలేదు. అమాంతం భుజానికెత్తుకుని గిర్రున తిరిగి, కంటికి టెలిస్కోపు ఆనించి, స్ప్రేయర్ పిడి నొక్కి నోటితో ఢాం అన్నాడు.

శాంసన్ నేల మీద బోర్లా పడ్డాడు. రెండు చేతులూ తల మీదున్నాయి.

"లేన్నా, కాళ్ల మీద పడేంత పెద్దవాణ్ని కాదు నేను," అన్నాడు భార్గవ్.

శాంసన్ లేవడానికి కాస్త టైం పట్టింది. లేచాక ఒకటే కోరాడు. షూటింగ్ అయ్యాక దీన్ని లోతు నీళ్లలో వదిలేయాలి, పని తీరిన విగ్రహాన్ని తామట్లే వదుల్తామన్నాడు. ఆ భక్తికి ప్రసన్నకుమారి కళ్లు చెమర్చాయి. తప్పకుండా చేయిస్తానంది.

నాలుగింటికి లారీ కదిలింది. మలుపు తిరిగేదాకా శాంసన్ ఊపిరి బిగబట్టి చూశాడు. రోడ్డు మీద ప్రతి గుంతకూ కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఆళ్లగడ్డ బస్సెక్కి, సీటు దొరికినా కూర్చోకుండా నిలబడే ప్రయాణం చేశాడు.

పొద్దుగుంకే వేళకు ఇల్లు చేరాడు. ఎస్తేరు గడపలోనే కూర్చుని ఉంది. ఎనభైకి దగ్గర పడిన మనిషి. అల్లుడి చేతులు ఖాళీగా ఉండటం ముందు చూసింది, తర్వాతే మొహం చూసింది.

"పోయిందా?"

"పోయిందత్తా. హైదరాబాదు దారిలో ఉండాది."

"ఎవరైనా యాడిదని అడిగినారా?"

"అడగలే. నేనే చేసినాననుకున్యారు. బాగా చేయలేదని తిట్టినారు కూడా."

ఎస్తేరు కళ్లు మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పింది. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. అతను తాగేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

"మా నాయన యుద్ధంలోంచి తెచ్చిన రెండోది ఎప్పుడు తీసుకపోతావప్పా?"